నాలుగు వేళ్ల ఖాళీ

ఆగస్టు 3

స్టీరింగ్ పట్టేసిందట.

ఆస్పత్రి మంచం మీద విరిగిన కాలితో పడుకుని బావ డాక్టరుకి చెప్పిన మొదటి మాట ఇది. అక్క వచ్చి చెప్పింది. ఎడమకి తిప్పిన స్టీరింగ్ తిరిగి రాలేదట, అందుకే జీపు వాగు గట్టు మీంచి కిందికి దొర్లిందట. ఇరవై రెండేళ్లుగా బండి నడుపుతున్న మనిషి. మలుపు అంచనా తప్పితే తప్పిందని ఒప్పుకోవడానికి నామోషీ. పోనీ నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా. స్టీరింగ్ మీదికి తోసేశాడు. స్టీరింగ్ మీదికి అంటే నా మీదికే.

రేపు ఎవరైనా అడిగితే మాట తడబడకూడదు. వరుసగా రాసిపెట్టుకుంటున్నాను.

ఆరోగ్య కేంద్రం జీపు అది. వారానికి మూడుసార్లు నర్సమ్మనీ మందుల పెట్టెలనీ ఎక్కించుకుని, మూడు వాగులు దాటి కొండ మీదికి వెళ్తుంది. వాగుల్లో బండరాళ్లు పొట్టకి తగులుతున్నాయి, ఎత్తు పెంచాలన్నారు. జూలైలో పదకొండు రోజులు నా వర్క్‌షాప్‌లో పెట్టుకున్నాను. ఇరుసు మీద బండిని మోసే కమాన్ కట్టలు కొత్తవి వేసి నాలుగు అంగుళాలు లేపాను. బ్రేకు గొట్టాలు పొడుగువి వేశాను. బండి లేచేసరికి స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి వెళ్లే లింకు రాడ్డు ఏటవాలైపోయింది. అలా వదిలేస్తే గుంటలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే గుంజుతుంది. అందుకని బాక్సు నుంచి కిందికి వేలాడే డ్రాప్ ఆర్మ్ తీసేసి దానికంటే పొడుగుది వేశాను. రాడ్డు మళ్లీ చక్కగా అడ్డానికి వచ్చింది. చివరిదాకా కుడికి తిప్పి చూశాను. చివరిదాకా ఎడమకి తిప్పి చూశాను. రాడ్డుకీ దాని కిందున్న కమాన్ కట్టకీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ. నా వేళ్లే పెట్టి చూశాను.

ఇంకేం చూడాలి?

ఆగస్టు 4

నాలుగు వేళ్లు. బొటనవేలు లెక్కలోకి రాకుండా.

ఆగస్టు 6

ముందు వర్క్‌షాప్, వెనక ఇల్లు. చెరో రెండు గదులున్నా అక్కావాళ్లకీ నాకూ వంటిల్లు ఒకటే. తప్పించుకు తిరుగుదామన్నా చోటు లేదు. అక్క కంచం నా ముందు పెట్టలేదు, పడేసింది.

“బావ ఎలా ఉన్నాడు?” అన్నాను.

“కాలు విరిగినవాళ్లు ఎలా ఉంటారో అలా ఉన్నాడు.”

“బయట ఏమంటున్నారో విన్నావా? నేను స్టీరింగ్ చెడగొట్టానట.”

“బయటవాళ్ల సంగతి నాకెందుకే.”

“మీ ఆయన అన్న మాటేగా అది!”

“ఆయన తనకి జరిగింది చెప్పాడు. నీ పేరెత్తలేదు.”

“ఎత్తక్కర్లేదక్కా. ఆ బండి కిందికి దూరింది నేనొక్కదాన్నే.”

అక్క గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగింది. “ఆయన కళ్లు తెరవగానే ముందు అడిగింది నర్సమ్మ బతికే ఉందా అని. ఆ తర్వాతే స్టీరింగ్ మాట. ఆ ముక్క నీకు చెప్పలేదు కదూ నేను? చెప్పినా నీ చెవికెక్కేది కాదు.”

సగం తిని లేచాను. ఎవరు ముందు ఏమడిగితే ఏం? స్టీరింగ్ అన్నాడా లేదా?

ఆగస్టు 9

టీ కొట్టు దగ్గర ఆరోగ్య కేంద్రం స్టోర్ గుమాస్తా. నన్ను చూసి గ్లాసు కింద పెట్టి మరీ అన్నాడు, “నేను ముందే చెప్పానుగా” అని. ఎవరితోనో అన్నట్టు అన్నాడు. అక్కడ నేను తప్ప ఇంకెవరూ లేరు.

అరికాలి మంట నెత్తికెక్కింది.

పదహారేళ్లుగా ఇదే వరస. నాన్న పోయాక వర్క్‌షాప్ తలుపులు నేను తీసినప్పుడు, మెకానిక్ ఎక్కడమ్మా అని నన్నే అడిగారు. పానా నా చేతిలో ఉండగానే. నేను బిగించిన నట్టుని పక్క సందులోకి తీసుకెళ్లి ఇంకొకడితో మళ్లీ బిగించుకున్నవాళ్లున్నారు. జీపు పని నాకిద్దామంటే ఈ గుమాస్తానే ఆడమనిషి చేతికా అన్నాడు. అప్పుడు బావే లేచి, “పని చేసేది చేతులా, చీరా?” అని ఆఫీసులో అందరి ముందూ అడిగాడట. ఆ బావే ఇప్పుడు స్టీరింగ్ పట్టేసిందంటున్నాడు.

బండి అప్పగించే రోజు కూడా ఈ గుమాస్తానే వచ్చాడు. పొద్దున్నుంచి నా నెత్తి మీద నిలబడ్డాడు. నేను బండి కింద ఉంటే వంగి మరీ, “ఇంకా ఎన్నిసార్లు చూస్తావమ్మా? నీ పని మీద నీకే నమ్మకం లేకపోతే మాకెలా ఉంటుంది?” అన్నాడు. బయటికొచ్చి తాళాలు చేతిలో పెట్టాను.

ఆ సంగతి ఇప్పుడు అనవసరం.

ఆగస్టు 12

బండిని తనిఖీ చేసే ఇంజినీరు వచ్చాడు. కేంద్రం షెడ్డులో జీపు ఒక పక్క రేకు నలిగి, అద్దం పగిలి నిలబడి ఉంది. ఇరుసు బాగానే ఉంది, చక్రాలు బాగానే ఉన్నాయి. ఇంజినీరు ఇస్త్రీ చొక్కా నలక్కుండా సీట్లో కూర్చుని స్టీరింగ్ కుడికి చివరిదాకా తిప్పాడు. ఎడమకి చివరిదాకా తిప్పాడు. వెన్నలా తిరిగింది. వంగి టార్చి వేసి చూశాడు. “బోలెడు ఖాళీ ఉంది,” అన్నాడు. కాగితం మీద రాశాడు: యాంత్రిక లోపం లేదు.

గుమాస్తా మొహం చూడాలి!

నేను చేసిన పరీక్షే ఆయనా చేశాడు. అక్షరాలా అదే. చదువుకున్న ఇంజినీరు అంతకు మించి ఏమీ చూడలేదంటే ఇక చూడటానికి ఏమీ లేనట్టే కదా.

ఆగస్టు 13

బావ ఒప్పుకున్నాడు. చంకల కింద కర్రలతో విచారణకి వచ్చి, ఇంజినీరు ముందు, పెద్ద డాక్టరు ముందు, “తప్పు నాదే. మలుపు ఆలస్యంగా తిప్పాను” అన్నాడు. మరి పట్టేసిందన్నావుగా అని అడిగితే, “నొప్పిలో ఏదో అని ఉంటాను” అన్నాడు. ఉద్యోగంలోంచి తప్పించారు.

ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి అన్నాను. అనేసిన మాటని ఇప్పుడు వెనక్కి తీసుకోలేను కాబట్టి అన్నది అన్నట్టే రాస్తున్నాను. “చూశావా అక్కా? చివరికి నిజం బయటికొచ్చింది.”

అక్క కోసిన ఉల్లిపాయలు అలాగే వదిలేసి లేచింది.

“నిజమా? నిన్న సాయంత్రం ఆ ఇంజినీరు కాగితం సంగతి తెలిశాక ఆయన ఏమన్నాడో చెప్పనా? నేను పట్టేసిందనే అంటూ కూర్చుంటే బండిని ముక్కలు చేసి చూస్తారు, ఏదో ఒకటి పట్టుకుంటారు, రెంచి వర్క్‌షాప్‌కి తాళం పడుతుంది అన్నాడు. నేను ఎక్కడైనా బండి తోలుకుంటాను, దానికి ఆ షెడ్డు తప్ప ఇంకేం లేదు అన్నాడు.”

రెంచి అంటే నేనే. నాకు పదేళ్లప్పటి నుంచి బావ నన్ను అలాగే పిలుస్తాడు.

“అబద్ధం,” అన్నాను.

“అవును, అబద్ధమే. నాకు తెలిసి ఆయన ఆడిన మొదటి అబద్ధం. నీ కోసం ఆడాడు. నువ్వేమో గుమ్మంలో నిలబడి పండగ చేసుకుంటున్నావు.”

ఆగస్టు 14

ఎవరడిగారు కాపాడమని?

ఆగస్టు 15

అసలు ఎవరడిగారు?

ఆగస్టు 17

నర్సమ్మని చూడటానికి వెళ్లాను. వెళ్లకపోతే అదొక మాట అంటారు. భుజం మీది కాలర్ ఎముక విరిగింది, చెయ్యి మెళ్లో వేలాడగట్టుకుని వరండాలో కూర్చుని ఉంది. నేను అడక్కుండానే మొదలెట్టింది.

“మీ బావ అలా ఎందుకు చెప్పాడు? మలుపు ఆలస్యం ఏమీ కాలేదు. నేను పక్కనే ఉన్నాగా.”

“ఆయనే ఒప్పుకున్నాడు కదండీ.”

“ఒప్పుకుంటే? రెండో వాగు దాటి పైకెక్కుతున్నాం. ఎడమ చక్రం పెద్ద రాయి మీదికెక్కింది. బండి మొత్తం ఒరిగింది. ఆయన రాయి మీంచి దించడానికి ఎడమకి తిప్పాడు. నా కాళ్ల కింద టక్ మని శబ్దమైంది. అంతే, మళ్లీ కుడికి రాలేదు. రెండు చేతులతో లాగాడమ్మాయ్. సీట్లోంచి లేచి మరీ లాగాడు.”

“గాభరాలో మీకలా అనిపించి ఉంటుంది.”

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. “పదిహేడేళ్లుగా పురుళ్లు పోస్తున్నాను. గాభరా అంటే ఏమిటో నాకు చెబుతున్నావా?” అంది. వేలాడే చెయ్యి సర్దుకుని, “నిన్న పైనుంచి ఒక పిల్లని మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. జ్వరం. వాగులో మంచం తడిసి, వణుకుతూ వచ్చింది. బండి ఎప్పుడొస్తుందని అడిగారు నన్ను” అంది.

నేను లేచాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అడిగింది.

“చక్రం అలా రాయి మీదికి లేచినప్పుడు కింద ఎలా ఉంటుందో చూశావా నువ్వు?”

“చూశాను,” అన్నాను.

చాలా గట్టిగా అన్నాను.

ఆగస్టు 19

రిపేరు కోసం జీపుని మళ్లీ నా షెడ్డుకే పంపారు. రేకు పని, అద్దం, తలుపు.

ముందు స్టీరింగ్ తిప్పి చూశాను. వెన్నే. కింద దూరి వేళ్లు పెట్టాను. నాలుగు. నర్సమ్మది గాభరా కాకపోతే ఇంకేమిటి?

తలుపు పని మొదలుపెట్టలేదు.

ఆగస్టు 20

నాలుగు అంగుళాల మందం చెక్క దిమ్మలు నాలుగు ఒకదాని మీద ఒకటి మెట్లలా పేర్చి, ఎడమ ముందు చక్రాన్ని వాటి మీదికి ఎక్కించాను. ఇసుక బస్తాలు వేశాను, నర్సమ్మంత బరువు, బావంత బరువు, మందుల పెట్టెలంత బరువు. కమాన్ కట్ట అణిగిపోయి చక్రం బండి పొట్టలోకి లేచింది. కిందికి దూరాను. లింకు రాడ్డు పైన బండి చట్రానికి వేలాడుతోంది, కమాన్ కట్ట కింద ఇరుసుతో పాటు పైకి వచ్చేసింది. మధ్యలో వేళ్లు పెట్టాను. నాలుగు పట్టలేదు. రెండు పట్టలేదు. చిటికెన వేలు పెట్టాను. గోరు దూరింది, అంతే.

పైకెక్కి ఎడమకి తిప్పాను.

టక్.

కుడికి లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. కాలు తన్నిపెట్టి, సీట్లోంచి లేచి లాగాను. రాలేదు.

మళ్లీ కిందికి వెళ్లి టార్చి వేశాను. కమాన్ కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టులు జూలైలో కొత్తవి వేశాను. నట్టు పైన ఒకటిన్నర అంగుళం బోల్టు మర తోకలా మిగిలింది. కోయలేదు. లింకు రాడ్డు మీదున్న క్లాంపు ఆ తోకని దాటి అవతలికి వెళ్లి, దాని వెనక తగులుకుని కూర్చుంది. గొళ్లెం పడ్డట్టు. దిమ్మల మీంచి బండి దించగానే టప్పున విడిపోయింది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు వెన్నలా తిరిగింది.

తోక మీద రెండు మరలు చితికి ఉన్నాయి. క్లాంపు మీద రెండు గాట్లు. ఒకటి ఇవాళ్టిది, తళతళలాడుతోంది. రెండోదాని మీద అప్పుడే సన్నగా తుప్పు.

ఆగస్టు 21

గ్రైండర్ ప్లగ్గు పెట్టాను. ఎలాగూ కోయాల్సిన తోకలే. పని శుభ్రంగా ఉండాలి కదా, పొడుగ్గా వదిలేయడం మెకానిక్కి అందం కాదు. రెండు నిమిషాల పని. క్లాంపుని కూడా మార్చేస్తే సరి, పాతది ఎలాగూ గాటు పడింది. ఇంజినీరు లోపం లేదని రాశాడు, బావ తప్పు నాదేనని సంతకం పెట్టాడు, నేను కోసేస్తే బండీ బాగుపడుతుంది. ఎవరికి నష్టం?

పొద్దున ఇదే రాశాను. ఇప్పుడు చదువుతుంటే ఒళ్లు మండిపోతోంది. గుమాస్తా మీద మండినదానికంటే ఎక్కువ. ఎవరికి నష్టమట! వంటింట్లో పట్టీ వేసిన కాలు ముక్కాలి పీట మీద పెట్టుకుని కూర్చున్నవాడికి కాదూ?

తిరుగుతున్న గ్రైండర్ చక్రాన్ని బోల్టు దాకా తీసుకెళ్లాను. ఆపేశాను. ప్లగ్గు పీకేశాను.

తొమ్మిదో తారీకున అనవసరం అని వదిలేసిన సంగతి రాస్తాను. అప్పగించే రోజు దిమ్మలు షెడ్డు మూలలోనే ఉన్నాయి. ఎత్తు పెంచిన ఏ బండినైనా ఒక్కో చక్రం లేపి, తిప్పి చూడకుండా పంపకూడదని నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. బండి ఎత్తు పెరిగితే చక్రం ఊగే దూరం పెరుగుతుంది, చదును నేల మీద చూసింది చూసినట్టు కాదనేవాడు. ఒక దిమ్మ మోసుకొచ్చి చక్రం ముందు పెట్టాను కూడా. అప్పుడు గుమాస్తా ఆ మాట అన్నాడు, నీకే నమ్మకం లేకపోతే అని. నేను దిమ్మని కాలితో పక్కకి తోసి, “నా పని నేను రెండోసారి చూసుకోనక్కర్లేదు” అని తాళాలు ఇచ్చాను.

వాడికి జవాబు చెప్పడానికి. వాడికి!

ఆగస్టు 22

బావకి చెప్పాను. రాడ్డు నుంచి విప్పిన క్లాంపు చేతిలో పెట్టి గాటు చూపించాను. చాలాసేపు దాన్ని వేలితో తడిమాడు.

“అయితే నాకు పిచ్చి పట్టలేదన్నమాట,” అన్నాడు మెల్లగా.

“రేపు ఇంజినీరు దగ్గరికి వెళ్తున్నాను.”

“ఎందుకు?”

“చెప్పడానికి.”

ఆ మనిషికి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. “నోరు మూసుకుని తోకలు కోసెయ్. నేను ఉద్యోగం వదులుకుంది నువ్వెళ్లి టముకు వేసుకోడానికా?”

“నిన్నెవరు వదులుకోమన్నారు బావా? నన్ను అడిగావా? ఒక్క మాట నాతో అన్నావా?”

“అంటే వినేదానివా? పది రోజులు నా గది గుమ్మం తొక్కలేదు నువ్వు!”

ఇద్దరం అరుచుకున్నాం. అక్క మధ్యలోకి రాలేదు. చివరికి అన్నాడు, “నువ్వు చెప్పావంటే నేను విచారణలో అబద్ధమాడానని తేలుతుంది. ఇద్దరికీ పోతుంది. వెళ్లు. వెళ్లాక మాత్రం నాతో మాట్లాడకు” అని గోడ వైపు తిరిగాడు.

ఆగస్టు 23

ఇంజినీరు నన్ను కూర్చోబెట్టాడు. మంచినీళ్లు తెప్పించాడు. మొత్తం విన్నాడు. విని నవ్వాడు.

“అర్థమైందమ్మా. బావగారి ఉద్యోగం. కుటుంబం అన్నాక తప్పదు. కానీ నేను స్వయంగా చూశాను కదా, స్టీరింగ్ బాగుంది. రిపోర్టు పైకి వెళ్లిపోయింది.”

“మీరు చదును నేల మీద చూశారండీ.”

“మీరూ అలాగే చూశానన్నారుగా?”

“అందుకే తప్పంటున్నాను!”

“చూడండి, ఆడవాళ్లు ఇంటివాళ్ల కోసం నింద మీద వేసుకోవడం నేను చాలాసార్లు చూశాను,” అని ఫైలు మూసేశాడు.

బల్ల మీదున్న గ్లాసు విసిరేద్దామనిపించింది. పదహారేళ్లుగా నేను పని సరిగా చేశానని చెబితే ఎవరూ నమ్మలేదు. ఇవాళ తప్పు చేశానని చెబితే కూడా నమ్మరా? తప్పు చేయడానికి కూడా నాకు చేతకాదనా వీళ్ల ఉద్దేశం? తన పరీక్ష చాలదని ఒప్పుకోవాల్సి వస్తుందని ఆ నవ్వు. నామోషీ. ఆ నామోషీ నాకు బాగా తెలుసు. ఇరవై రోజులుగా దానితోనే కాపురం చేస్తున్నాను.

నర్సమ్మ దగ్గరికి వెళ్లాను. ఈసారి ముందు క్షమాపణ చెప్పాను, తర్వాత జరిగిందంతా. ఆవిడ మంచి చేత్తో కాగితం లాక్కుని, ఇంజినీరు వచ్చి స్వయంగా చూసేదాకా తానుగానీ ఇంకే నర్సుగానీ ఆ జీపెక్కరని పెద్ద డాక్టరుకి రాసింది.

ఆగస్టు 26

వచ్చాడు. పెద్ద డాక్టరు పంపితే వచ్చాడు. గుమాస్తా కూడా వెనకే.

క్లాంపు మళ్లీ బిగించి, దిమ్మలు పేర్చి చక్రం ఎక్కించి ఉంచాను. గోనె పరిచాను. “పడుకోండి,” అన్నాను. ఇస్త్రీ చొక్కా చూసుకున్నాడు. “పైనుంచి కనపడదండీ. నేనూ పక్కనే పడుకుంటాను,” అన్నాను. పడుకున్నాడు.

నేను కింద ఉంటే పైన తిప్పేవాళ్లు కావాలి. గుమాస్తాని ముట్టుకోనివ్వను. అప్పుడు అక్క వంటింట్లోంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి సీట్లోకి ఎక్కింది. అక్క ఎప్పుడూ ఏ బండి స్టీరింగూ ముట్టుకోలేదు.

“ఎడమకి తిప్పక్కా. చివరిదాకా.”

టక్ మంది. ఇంజినీరు మొహానికి జానెడు దూరంలో క్లాంపు తోకని దాటి కూర్చుంది.

“ఇప్పుడు కుడికి.”

పైన సీటు కిర్రుమంది. స్ప్రింగులు మూలిగాయి. రాడ్డు వణికిందిగానీ కదల్లేదు.

“రావట్లేదే,” అంది అక్క. మళ్లీ లాగింది. “రావట్లేదు!” ఇంకోసారి లాగింది. గాజులు స్టీరింగుకి కొట్టుకున్న చప్పుడు. ఆ తర్వాత అక్క ఏడుపు. బావ కాలు విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి, స్టీరింగ్ మీద తల పెట్టి, “ఇలాగేనా? ఆయనకి ఇలాగేనా రాకపోయింది?” అని ఏడ్చింది.

ఇంజినీరు బయటికి వచ్చాడు. వీపు మీద గ్రీజు మరక. గుమాస్తా ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “నేను సరిగా చూడలేదు,” అన్నాడు. ఆ మూడు మాటలు అనడానికి నాకు పట్టినన్ని రోజులు ఆయనకి పట్టలేదు. అందుకు మాత్రం మెచ్చుకుంటాను.

సెప్టెంబరు 2

ఉత్తర్వు వచ్చింది. కాలు బాగవగానే బావ పనిలో చేరొచ్చు. విచారణలో మాట మార్చినందుకు మందలింపు. నా వర్క్‌షాప్ పేరు ఏడాది పాటు జాబితాలోంచి తీసేశారు. ఈ జీపు మాత్రం ఇంజినీరు ఎదురుగా నేనే సరిచేసి ఇవ్వాలి.

ఏడాది! చేసిన తప్పుకి సరే. అయితే చదును నేల మీద చూసి లోపం లేదని రాసినవాళ్లని ఏ జాబితాలోంచి తీస్తారో? అది ఉత్తర్వులో లేదు.

బావ మాట్లాడటం లేదు. ఉత్తర్వు చదివి మడిచి అక్కకిచ్చాడు.

సెప్టెంబరు 8

తోకలు కోసినంత మాత్రాన సరిపోదు. కోసి చూశాను, చక్రం పూర్తిగా లేస్తే అర వేలు ఖాళీ వచ్చింది. అర వేలంటే రాయి పెద్దదైతే మళ్లీ అదే కథ. అసలు తప్పు తోకది కాదు, పొడుగు డ్రాప్ ఆర్మ్‌ది. ఏటవాలు పోగొట్టాలని రాడ్డు పై కొసని కిందికి దించాను. దించాల్సింది కాదు, చక్రం దగ్గరి కొసని పైకి లేపాల్సింది. అప్పుడు ఏటవాలూ పోతుంది, కమాన్ కట్టకి దూరంగానూ ఉంటుంది.

పాత డ్రాప్ ఆర్మ్ మళ్లీ వేశాను. చక్రం దగ్గర రాడ్డు కింది నుంచి పైకి బిగిసే చోట, రంధ్రాన్ని పెద్దది చేసి, లోపల ఇనప గొట్టం లాంటి కొత్త బుష్ వేసి, పైనుంచి కిందికి బిగిసేలా తిప్పాను. క్లాంపు బోల్టుని పైవైపుకి తిప్పాను. ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మల కింద ఇనప ముక్క వేసి రెండు అంగుళాలు పెంచాను.

మొత్తం ఆరు రోజులు. జూలైలో ఇదే చేసి ఉంటే ఇంకో ఆరు రోజులు ఎక్కువ పట్టేది, అంతేగా!

సెప్టెంబరు 9

తడిమట్టి ముద్దలు చేసి బోల్టుల మీద, కమాన్ కట్ట మీద, చట్రం అంచున అతికించాను. ఏదైనా తగిలితే మట్టి మీద గుర్తు పడుతుంది. ఎడమ చక్రం దిమ్మల మీద, కుడికి, ఎడమకి. కుడి చక్రం దిమ్మల మీద, మళ్లీ కుడికి, ఎడమకి. రెండూ ఒకేసారి. సగం లేపి. పూర్తిగా లేపి. బస్తాలతో, బస్తాలు లేకుండా. ఇంజినీరు పాత చొక్కా వేసుకొచ్చి ప్రతిసారీ గోనె మీద పడుకున్నాడు. ముద్దలన్నీ చెక్కుచెదరలేదు.

“చాలు కదా?” అన్నాడు.

“ఇంకోసారి,” అన్నాను.

సెప్టెంబరు 12

వేరే డ్రైవరు తోలాడు. నర్సమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటేనే ఎక్కుతానంది. రెండో వాగు దాటి అదే రాయి. ఎడమ చక్రం దాని మీదికి ఎక్కింది. స్టీరింగ్ ఎడమకి తిరిగింది, తిరిగి కుడికి వచ్చింది. నర్సమ్మ నా మోచెయ్యి వదిలింది. అయిదు గోళ్ల గుర్తులు.

వెనక్కి చూస్తే గట్టు కింద పగిలిన అద్దం ముక్కలు ఇంకా మెరుస్తున్నాయి.

సెప్టెంబరు 30

బావ కర్రలు వదిలేశాడు. నాతో మాట్లాడటం లేదు.

అక్టోబరు 19

అక్క ద్వారా ఉప్పు అడిగాడు. ఉప్పు నా పక్కనే ఉంది. ఇదేం పంతం? కాపాడమని నేనడగలేదు, కోప్పడమనీ అడగలేదు. నా వర్క్‌షాప్‌కి ఏడాది వేటు పడింది, స్కూటర్లూ పంపులూ బాగుచేసుకుంటున్నాను, నేనెవరినైనా పల్లెత్తు మాటన్నానా? అన్నాననుకో. అయినా సరే.

నవంబరు 11

బావ మళ్లీ పనిలో చేరి ఇవాళ్టికి మూడో రోజు. సాయంత్రం నేను ఒక పంపు ముందేసుకుని కూర్చుంటే షెడ్డు ముందు జీపు ఆగింది. ఇంజను ఆపలేదు. కొంచెం కుంటుతూ దిగి వచ్చి, నా ఎదురుగా నిలబడి, పంపు వైపు చూస్తూ అన్నాడు.

“క్లచ్ గట్టిగా ఉన్నట్టుంది రెంచీ.”

ఎనభై రోజుల తర్వాత మొదటి మాట. అది కూడా ఫిర్యాదు. క్లచ్ గట్టిగా లేదు. సెప్టెంబరులో ఇచ్చేముందు నేనే తొక్కి చూశాను, దూదిలా ఉంది. విరిగి అతికిన కాలు, ఇంకా బలం రాలేదు, గట్టిగా ఉన్నది కాలు. ఇదంతా నోటి దాకా వచ్చింది. నాలుక చివర నిలబడింది.

“పక్కకి పెట్టు బావా,” అన్నాను. “చూస్తాను.”